అమ్ముకోలేని ఇల్లు

భద్రాచలంలో గోదావరి కరకట్టకు దగ్గర్లో ఒక పాత పెంకుటిల్లు ఉంది. మట్టితో కట్టిన ఇటుక గోడలు, సున్నం పూత, టేకు దూలాలు, పైన బెంగుళూరు పెంకు. ఆ ఇంట్లో ఉంటున్నామె అంగన్‌వాడీ టీచరుగా చేసి మానుకుంది. తమ్ముడు ప్రభుత్వ బడిలో ఉపాధ్యాయుడు. చర్ల, దుమ్ముగూడెం వైపు చాలాకాలం పనిచేసి ఇప్పుడు ఖమ్మంలో అద్దెకుంటున్నాడు. తండ్రి పోయిన దగ్గర్నుంచీ ఆ ఇంటిని ఏం చేయాలన్నది ఇద్దరి మధ్యా తెగని వాదం. ఇద్దరూ నాకు కావలసినవాళ్ళే. ఇల్లున్న వాళ్ళందరికీ ఉండే తిప్పలే అయితే ఇది రాసేవాణ్ణి కాదు. ఏజెన్సీలో ఇల్లు వేరు, మైదానంలో ఇల్లు వేరు. ఆ తేడా బయటివాళ్ళకు తెలియాలి.

తమ్ముడు: ఇల్లు కట్టినప్పటి ఖర్చంతా నాన్న ఒక పుస్తకంలో రాసుకున్నాడక్కా. ఇటుక, సున్నం, టేకు, మేస్త్రీ కూలీ, అన్నీ ఉన్నాయి. కట్టాక పెట్టింది మాత్రం ఎక్కడా లేదు. రాసి ఉంటే, ఈపాటికి ఇదే ఇల్లు మళ్ళీ మళ్ళీ కట్టామని తెలిసేది. ఏటా మృగశిర కార్తెకు ముందు పెంకు సర్దించాలి. ఆ పని వచ్చినవాళ్ళు ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. వాళ్ళకు తీరికున్న రోజే మనకూ తీరికుండాలి. పగిలిన పెంకుకు జోడీ దొరకదు, కూల్చిన పాతిళ్ళ దగ్గర వెతికి తెచ్చుకోవాలి. సర్దిన వారానికే కోతుల మంద ఒకటి వచ్చి దుమికిపోతుంది. లోపల దూలానికి చెదలు. గోడకు అడుగున చెమ్మ, పైన పెచ్చులు. సున్నం వేసిన చోటే మళ్ళీ ఉప్పు పూస్తుంది.

అక్క: మోటారు కాలిపోవడం మరిచావు. బోరులో నీళ్ళు దిగిపోయి పైపులు దింపించడం మరిచావు. ఉత్తరం గోడవైపు కాలువ పూడిక తీయించడం మరిచావు. ఈ ఇంటి జబ్బులు నాకంటే నీకెక్కువ తెలుసా?

తమ్ముడు: తెలిసే ఎందుకీ మొండితనం? ఖమ్మంలో నేను ఒకటో తారీకున అద్దె ఇస్తాను. అంతటితో ఆ నెల ఇంటి ఖర్చు అయిపోయింది. స్లాబు కారితే ఇంటాయనకు ఫోను చేస్తాను. నువ్వొచ్చి మాతో ఉండు. ఈ ఇంటికి పోసే డబ్బు బ్యాంకులో వేసుకుంటే నీ ముసలితనానికి పనికొస్తుంది.

అక్క: ఫోను చేస్తావు సరే, ఆయన ఎత్తుతాడా? 2024 సెప్టెంబరు ఒకటో తారీకున మీ ఖమ్మంలో మున్నేరు 36 అడుగులు దాటి వచ్చినప్పుడు బొక్కలగడ్డలో, ప్రకాశ్‌నగర్‌లో అద్దెకున్నవాళ్ళ సామాన్లు పోలేదా? గోడ ఇంటాయనదే. కానీ ఆ గోడల మధ్య తడిసిన పుస్తకాలూ బియ్యమూ పరుపులూ అద్దెకున్నవాళ్ళవి. అద్దె ఇచ్చినంత మాత్రాన నీ నష్టం ఇంకొకడి నెత్తికి పోదు. పైగా నీ వాదం ఖమ్మం దాకే నడుస్తుంది. ఇక్కడ అద్దెకు కాగితం రాసిచ్చే దిక్కేది? ఏజెన్సీలో పనిచేసినన్నాళ్ళూ ఏ ఇంట్లో ఉన్నా నీ చేతిలో ఒప్పందం కాగితం ఉందా? ఇంటివాళ్ళ మాట ఒక్కటే ఆధారం. ఖాళీ చేయమంటే మర్నాడు ఖాళీ చేయాల్సిందే.

ఆమె చెప్పింది నిజం. అది అర్థం కావాలంటే, ఇక్కడ అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పిలిచే చట్టం గురించి కొంచెం చెప్పాలి. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనల్ని 1970లో సవరించారు. దాని ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో స్థిరాస్తిని గిరిజనులకు గానీ, గిరిజనులే సభ్యులుగా ఉన్న సొసైటీకి గానీ తప్ప మరొకరికి బదలాయిస్తే చెల్లదు. ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఇద్దరూ గిరిజనేతరులైనా సరే. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే అనుకుంటారు చాలామంది. తాకట్టు, దానం, మార్పిడి, లీజు కూడా ఆ మాట కిందికే వస్తాయి. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుల దగ్గర్నుంచి వచ్చిందనే చట్టం మొదట అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత ఉన్నవాడిదే. 1988లో సుప్రీంకోర్టు ఈ సవరణ సబబేనంది. భద్రాచలం పట్టణమంతా ఈ చట్టం నీడలోనే ఉంది. దుకాణాలూ లాడ్జీలూ మేడలూ చూసి ఇది మరో పుణ్యక్షేత్రమనుకునే యాత్రికులకు, ఇక్కడి గోడల్లో చాలావాటి వెనక ఉన్నది నోటి మాటేనని తెలియదు.

తమ్ముడు: నేనూ అదే అంటున్నాను. ఇంత పోసి నిలబెడుతున్నది ఆస్తేనా? ఖమ్మంలో చిన్న జాగా ఉన్నవాడు కూడా ఆస్పత్రి అవసరం వస్తే బ్యాంకుకు వెళ్తాడు. మనకు ఏ బ్యాంకు ఇంటి అప్పిస్తుంది? బాకీ కట్టకపోతే వాళ్ళు వేలం వేసుకోవాలి, కొనేవాడు గిరిజనుడే కావాలి. అందుకే అప్పనగానే వెనకాడతారు. స్లాబు వేసుకోవాలంటే నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవాలి. చట్టం మన ఇంటిని రాయిని చేసి పెట్టింది.

అక్క: చట్టాన్ని తిట్టకు. ఉప్పుకూ బట్టకూ జ్వరం మందుకూ అప్పిచ్చి కోయవాళ్ళ పొలాలు రాయించుకున్న కథలు తాతయ్య నోటే విన్నాం. మద్రాసు కాలంలోనే, 1917లో ఇలాంటి చట్టం ఒకటి తెచ్చారంటే అప్పటికే ఎంత పోయుంటుంది? ఆ చట్టం కాగితాల్లో ఉండగానే పోయినంత పోయింది. అందుకే 1970లో గట్టిగా బిగించారు. ఈ జాగా తాతయ్య మరో గిరిజనేతరుడి దగ్గర కొన్నాడు, దస్తావేజు ఉంది. ఆ చట్టమే లేకపోతే ఈ వీధి ఎప్పుడో పెద్దవాళ్ళ చేతుల్లోకి పోయేది, గుడి దగ్గర చిన్న కొట్టు పెట్టుకున్న నాన్నలాంటి వాడికి ఇక్కడ నిలవనీడ ఉండేది కాదు. అమ్ముకోలేం కాబట్టే ఇది ఇల్లుగా మిగిలింది.

తమ్ముడు: ఆ దస్తావేజు కాపాడుకోవడమే ఒక ఉద్యోగం అయిందిగా నీకు.

అక్క: అయింది. ఇల్లు కదల్లేదు కానీ ఇంటి మీద పెత్తనం ఎన్నిసార్లు మారిందో చూడు. తాతయ్య కొన్నప్పుడు ఇది తూర్పుగోదావరి జిల్లా. 1959లో ఖమ్మంలో కలిపారు. 2014లో మనం తెలంగాణలో ఉన్నాం, పక్కనున్న ఎటపాక ఆంధ్రకు పోయింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం అన్నారు. పాత నకలు కావాలంటే ఒక ఆఫీసు, పహాణీకి ఇంకో ఆఫీసు. ప్రతిచోటా, ఆ రికార్డు మా దగ్గర లేదు, ఫలానా జిల్లాకు వెళ్ళండి అనేవాళ్ళే. బస్సు చార్జీలు, జిరాక్సులు, పనికి పోని రోజులు. నువ్వు పెంకుల ఖర్చు చెప్పావు, ఈ ఖర్చు నీ నోట రాలేదు. ఎందుకంటే తిరిగింది నేను.

తమ్ముడు: అమ్మ 1986 వరదలో ముందు ఆ కాగితాలున్న ట్రంకు పెట్టెనే అటక మీదికి ఎక్కించిందని చెప్పేది.

అక్క: అటక మీదికి కాదు, రామాలయం గుట్ట మీదికి మోసుకెళ్ళింది. ఆ ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది గోదారి. అప్పటికి కరకట్ట లేదు. నీళ్ళు చూరు దాకా వచ్చాయి, వెనకగోడ కూలింది. 2022 జులై 16న 71.3 అడుగులు. కట్ట ఉంది కాబట్టి ఈసారి కిటికీ దాకా వచ్చి ఆగాయి.

నది వచ్చే తీరు ఇక్కడ పిల్లలకు కూడా అంకెల్లోనే తెలుసు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మొదటి హెచ్చరికకు సామాన్లు మంచాల మీదికి ఎక్కుతాయి, రెండో దానికి అటకెక్కుతాయి, మూడో దానికి మనుషులు బయల్దేరతారు. కరకట్ట నదిని ఆపుతుంది. అయితే నది పెరిగినప్పుడు కట్టలోని స్లూయిస్‌లు మూసేయాలి. మూస్తే ఊళ్ళో కురిసిన వానా, కాలువల్లో మురుగూ బయటికి పోయే దారి లేక ఊళ్ళోనే నిలుస్తాయి. మోటార్లు పెట్టి ఎత్తిపోస్తారు, మోటార్లు అందుకోలేకపోతే పల్లపు కాలనీలు మునుగుతాయి. కట్ట లోపలివాళ్ళు ఇలా తమ ఊరి నీళ్ళలోనే మునిగే సంగతి నాకు ఎప్పుడూ కష్టం కలిగిస్తుంది. గోదావరి వరదంటే ఫొటోలు తీసేది వంతెన దగ్గర. ఈ మురుగు ఫొటోలకెక్కదు.

తమ్ముడు: ఆ 2022 వరద సంగతే చెబుతున్నానక్కా. కుటుంబానికి పదివేలు ఇచ్చారు. ఎత్తు ప్రదేశంలో శాశ్వత కాలనీ కడతామని, వెయ్యి కోట్లని ప్రకటించారు. ఆ మాట మీద ఆశ పెట్టుకుని ఆ ఏడు మరమ్మతు ఆపాం. ఆపినందుకు దూలం ఒకటి కుంగింది. పదివేలు వైరింగుకే చాలలేదు.

అక్క: వైరింగు నువ్వు డబ్బిచ్చి చేయించావు, ఒప్పుకుంటాను. బురద ఎవరు ఎత్తారు? నీళ్ళు తీసిన వెంటనే ఒండ్రు ఎత్తకపోతే ఎండి రాయిలా పట్టేస్తుంది. సెప్టిక్ ట్యాంకు నిండి వెనక్కి తన్నింది. తలుపులు ఉబ్బి మూతపడలేదు, రాత్రిళ్ళు పాములకు భయపడి దీపం పెట్టుకు కూర్చున్నాను. గోడలు ఆరడానికి నెలలు పట్టింది. ఆరక ముందే సున్నం వేస్తే ఊడిపోతుందని ఆ వాసనలోనే ఉన్నాను. బియ్యం డబ్బా, పప్పు డబ్బా, పరుపులు, అమ్మ చీరలు పారబోశాను. దానికి కూలీ ఏమిస్తారు తమ్ముడూ? ఇంటి ఖర్చంటే నువ్వు చూసేది మేస్త్రీకిచ్చిన నోట్లు. ఇల్లు నిలబడింది మాత్రం నా నడుం మీద.

(ఇక్కడ తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అందుకున్నది వేరే దారి.)

తమ్ముడు: నేను చర్ల వైపు ఉన్నప్పుడు ఒక గూడెంలో ఇల్లు కప్పడం చూశాను. ఎండాకాలం, పంటలు ఇంటికొచ్చాక. అడవి నుంచి వాసాలు, వెదురు, గడ్డి ముందే తెచ్చి పెట్టుకున్నారు. ఊరంతా ఆ ఒక్క ఇంటి మీద పడ్డారు. పొద్దుగూకేసరికి కప్పు అయిపోయింది. ఆ ఇంటివాళ్ళు అందరికీ అన్నం పెట్టారు. రూపాయి చేతులు మారలేదు. ఆ ఇంటికి మరమ్మతు ఖర్చు లేదా అంటే ఉంది, మన కంటే ఎక్కువసార్లే కప్పాలి. కానీ ఒక్క మనిషి మీద పడదు. మనం ఇటుకా సిమెంటూ తెచ్చుకుని, మోయడానికి ఊరిని మాత్రం పోగొట్టుకున్నాం.

అక్క: బాగానే చెప్పావు. ఆ గోడలకు మట్టి మెత్తిందెవరో, పేడ అలుకు అలికిందెవరో, ఆ నీళ్ళు వాగు నుంచి మోసిందెవరో చూశావా? అదీ ఆడవాళ్ళే. నేను అంగన్‌వాడీలో చేసినన్నాళ్ళూ ఆ తల్లులతోనే ఉన్నాను. గడ్డి కప్పుకు నిప్పంటుకుని ఏడ్చినవాళ్ళను చూశాను. తేలు కుట్టిన పిల్లలను ఎత్తుకు పరుగెత్తాను. వాళ్ళకూ పక్కా ఇల్లు కావాలి. మనకు నచ్చిందని వాళ్ళను గడ్డి కిందే ఉండమనడం న్యాయం కాదు. ఇంకో మాట. ఆ అడవిలో వెదురు కొట్టుకునే హక్కు 2006 చట్టం ఇచ్చిందంటారు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ నుంచి గొడవలకు భయపడి వచ్చిన గుత్తికోయలకు ఆ హక్కు ఎక్కడుంది? రిజర్వు ఫారెస్టులో గుడిసెలు వేశారని పీకేస్తే కోర్టుకెక్కాల్సి వచ్చింది. మనం ఇల్లు అమ్ముకోలేకపోతున్నామని బాధపడుతున్నాం. వాళ్ళు వేసుకున్న గుడిసె రేపు ఉంటుందో లేదో తెలియకుండా పడుకుంటున్నారు.

ఈ చోట నేను అక్క పక్షం. తమ్ముడు చూసింది అబద్ధం కాదు. నలుగురి చేతులతో లేచే కప్పులో ఒక గొప్పదనం ఉంది, అది పోతే నష్టమే. కానీ దాన్ని మెచ్చుకుని ఊరుకుంటే, కప్పు కింద బతికేవాళ్ళ కోరిక వినబడదు. రాష్ట్ర ప్రభుత్వం 2024 మార్చి 11న ఇందిరమ్మ ఇళ్ళ పథకాన్ని ఈ భద్రాచలంలోనే మొదలుపెట్టింది. ఇంటికి అయిదు లక్షలు. చుట్టుపక్కల గూడేల్లో ఆ పథకం మీద ఎంత ఆశ ఉందో అక్కడికి వెళ్ళినవాళ్ళకు తెలుస్తుంది.

తమ్ముడు: ఇందిరమ్మ ఇల్లు వచ్చినా మొదట పెట్టుబడి ఎవరిది? బేస్‌మెంటు కట్టి చూపిస్తే ఒక విడత, గోడలు లేపాక ఒకటి, స్లాబు వేశాక ఒకటి, అంతా అయ్యాక చివరిది. ప్రతి విడతకూ ముందు అప్పు, తర్వాత బిల్లు. కూలి చేసుకునేవాళ్ళు ఆ మధ్యకాలానికి వడ్డీ కట్టాలి. గోదారి పొంగితే ఇసుక ఆగిపోతుంది, పని ఆగితే వడ్డీ ఆగదు. కట్టాక స్లాబులో ఇనుము తుప్పు పట్టి పెచ్చులూడితే దానికి పథకం లేదు. కట్టడానికి డబ్బిచ్చే ప్రభుత్వాలు ఉన్నాయి, నిలబెట్టుకోవడానికి ఇచ్చేదెవరు? గడ్డి ఇల్లయితే వాళ్ళే బాగుచేసుకునేవాళ్ళు. స్లాబు ఇంటికి మేస్త్రీ కావాలి, మేస్త్రీకి డబ్బు కావాలి.

అక్క: ఈ మాట ఒప్పుకుంటాను. నిజమే, ఇది ఎవరూ అడగరు.

తమ్ముడు: మరి నువ్వు మాత్రం పైన స్లాబు గది వేయమంటావు.

అక్క: వరదకు సామాన్లు ఎక్కించుకోవడానికి ఒక్క గది. ముసలిదాన్ని, ఏటా బస్తాలు మోసుకుని పునరావాస కేంద్రానికి పోలేను.

తమ్ముడు: మట్టి కట్టుబడి గోడల మీద స్లాబా! 2025 మార్చిలో మన ఊళ్ళోనే కడుతూ ఉన్న బహుళ అంతస్తుల భవనం ఎలా కుప్పకూలిందో చూశాం. కింద పనిచేస్తున్న కూలీల ప్రాణాలు పోయాయి. మోయలేని దాని మీద బరువు పెట్టే పనికి నేను రూపాయి కూడా ఇవ్వను.

అక్క: గోడల మీద వేయమని నేనన్నానా? పెరట్లో నాలుగు పిల్లర్లు లేపి వాటి మీద వేయించు. ఇంజినీరుకు చూపించే చేయించు. పెంకుటిల్లు జోలికే పోవద్దు.

తమ్ముడు: అప్పుడు ఈ ఇంటికి రెండు రకాల మరమ్మతులు. సరే, కడదాం. కట్టాక ఇదంతా ఎవరిది? నేను రాను, నా పిల్లలు హైదరాబాదు దాటి రారు. నా వాటా నీకే రాసిచ్చేస్తాను. నీ పేరున ఉంటే నాకూ గొడవ వదులుతుంది.

అక్క: రాసివ్వడం అంత సులువనుకున్నావా? దానం కూడా బదలాయింపే, చెల్లదు. అన్నదమ్ములైనా అక్కచెల్లెళ్ళైనా అంతే. నాన్న నుంచి ఇద్దరికీ వారసత్వంగా వచ్చింది, అది ఎవరూ కాదనరు. వీలునామాకు అడ్డు లేదు. ఇంటి పన్ను రసీదు ఇప్పటికీ నాన్న పేరునే వస్తోంది. కట్టేది నేను. ముందు ఇద్దరి పేర్లూ ఎక్కిద్దాం. ఆ తర్వాత నీ వాటా నా కూతురికి చెందేలా వీలునామా రాయి. దానికి వరదొస్తే బురద ఎత్తడం తెలుసు.

తమ్ముడు: మా ఇంట్లో ఊరుకోరక్కా. వాడుకున్నా వాడుకోకపోయినా, తాతల జాగా అంటారు.

అక్క: అంటారు. అన్నవాళ్ళను శ్రావణంలో వచ్చి ఒక వారం ఉండమను. నేను నీ పిల్లల నోటి కూడు అడగడం లేదు. అమ్మితే రూపాయి రాని ఇల్లు ఇది, నువ్వే అన్నావు. విలువ లేదన్నప్పుడు నా వాటా నీకే అన్నావు. విలువ ఉందనిపించగానే వారసులు గుర్తొస్తున్నారు. ఇన్నేళ్ళు కాపాడిన దానికి నాకు డబ్బివ్వొద్దు. నా తర్వాత ఎవరు కాపాడతారో వాళ్ళ పేరుండాలి. అదొక్కటే అడుగుతున్నాను.

తమ్ముడు: అడిగింది తప్పని అనడం లేదు. వాళ్ళతో మాట్లాడాలి. పిల్లర్ల సంగతి చెప్పు. ఎంత ఎత్తు? 2022లో కిటికీ దాకా వచ్చాయి, దానికి రెండడుగులు పైన చాలదా? ఎత్తు పెరిగేకొద్దీ ఇనుము ఖర్చు.

అక్క: కట్ట నిలబడితే కిటికీ లెక్క. కట్ట తెగితే చూరు లెక్క.

తమ్ముడు: పోలవరం పూర్తిగా నింపితే ఇక్కడ నీళ్ళు ఎంత నిలుస్తాయో కలిసి సర్వే చేసి తేల్చమని తెలంగాణ అడుగుతూనే ఉంది. అది తేలకుండా ఏ ఎత్తని చెబుతాం?

అక్క: అది తేలేదాకా నేను ఆగలేను. చూరు మీద మూడడుగులు వేయించు. ఖర్చు సగం నీది, సగం నాది. మేస్త్రీని నేను మాట్లాడతాను, ఇంజినీరును నువ్వు తీసుకురా. వీలునామా మాటంటావా, దసరాకు నీ మేనకోడలు వస్తుంది కదా, మీ ఆవిణ్ణీ పిల్లల్నీ కూడా రమ్మను. అందరి ముందే మాట్లాడదాం.